ఛాయాచిత్రం చారిత్రక ఆధారంగా: రా, జేపెగ్ ప్రతుల ఎంపిక

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• డిజిటల్ ఛాయాచిత్రాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో చెప్పగలుగుతారు.
• రా, జేపెగ్, టిఫ్ ప్రతుల పుట్టుకను, పనితీరును, వాటి మధ్య భేదాలను వివరించగలుగుతారు.
• తెలుగు పుస్తకాల డిజిటలీకరణ అనుభవం నేర్పిన పాఠాలను విశ్లేషించగలుగుతారు.
• మీ క్షేత్ర పరిశోధనకు తగిన ప్రతిని కారణాలతో సహా ఎంచుకోగలుగుతారు.

14.1 పరిచయం

శాసనాలు, తాళపత్రాలు, దస్తావేజులు, కట్టడాలు చరిత్ర రచనకు ఆధారాలని ముందరి భాగాల్లో చదివారు. ఈ ఆధారాలన్నింటినీ ఇప్పుడు మనం ఎక్కువగా కెమెరా ద్వారానే సేకరిస్తున్నాం. గుడికి వెళ్లి శాసనాన్ని అక్కడే కూర్చుని ఎత్తి రాసుకునే విద్యార్థులు తక్కువ. ఫోను తీసి నాలుగు బొమ్మలు తీసుకుని ఇంటికి వచ్చి చదువుకునేవారే ఎక్కువ. ఇందులో తప్పు లేదు. అయితే బొమ్మ తీసే ముందు కెమెరాలో మనం ఎంచుకున్న అమరిక, తరవాత చదవగలిగేదేమిటో, చదవలేనిదేమిటో ముందే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం మనకు తెలియకుండానే జరిగిపోతే దాని ఫలితాన్ని మన తరవాతి పరిశోధకులు అనుభవిస్తారు.

రా, జేపెగ్ ప్రతుల మధ్య ఎంపికను ఫొటోగ్రాఫర్ల అభిరుచికి సంబంధించిన విషయంగా చూడటం మామూలు. చరిత్ర విద్యార్థికి అది ఆధారాల పరిరక్షణకు సంబంధించిన విషయం. ఈ భాగంలో దాన్ని ఆ దృష్టితోనే పరిశీలిద్దాం.

14.2 ఒక అంకె కోసం: ఒక స్వానుభవం

ఈ పాఠం రాస్తున్న నేను ఉయ్యూరు వాణ్ణి. 2006లో మా ప్రాంతంలోని ఒక గ్రామ దేవాలయంలో మండప స్తంభం మీద ఉన్న తెలుగు శాసనాన్ని ఫొటో తీశాను. అప్పట్లో నా దగ్గర ఉన్నది 6 మెగాపిక్సెళ్ల కెమెరా, 512 మెగాబైట్ల కార్డు ఒకటి. రా ప్రతులు తీస్తే ఆ కార్డులో 50, 60 బొమ్మలకు మించి పట్టవు. ఆ రోజు ఇంకా మూడు ఊళ్లు తిరగాలి. కాబట్టి కెమెరాను జేపెగ్‌లో, అందులోనూ బాగా కుదించే అమరికలో పెట్టాను. కార్డు నిండలేదు. సాయంత్రం సంతోషంగా బస్సెక్కి ఇంటికి వచ్చాను. కంప్యూటర్‌లో బొమ్మలను తిప్పి, అంచులు కత్తిరించి, వెలుగు పెంచి, అదే పేరుతో మళ్లీ భద్రపరిచాను. అసలు ప్రతులను విడిగా ఉంచుకోలేదు.

కొన్నేళ్ల తరవాత ఆ శాసనం మీద వ్యాసం రాయడానికి కూర్చున్నాను. శక సంవత్సరంలో పదుల స్థానంలోని అంకె ౨ అో, ౩ అో తేలలేదు. పెద్దది చేసి చూస్తే రాతి మీది గాటుకు బదులు చిన్న చిన్న చదరపు గళ్లు, గాటు అంచు చుట్టూ మసక చుక్కలు కనిపించాయి. సంవత్సరం పేరు ఉండవలసిన చోట రాయి పెచ్చు ఊడిపోయింది. దాత పేరు ఉంది గాని రాజు పేరు లేదు. పదేళ్ల తేడా చిన్నదేమీ కాదు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని జయించాడు. ఆ దానం గజపతుల కాలంలో జరిగిందా, రాయల కాలంలో జరిగిందా అన్నది ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంది.

మళ్లీ ఆ ఊరు వెళ్లాను. జీర్ణోద్ధరణ పూర్తయింది. స్తంభాలన్నింటికీ మందంగా రంగులు వేశారు. అక్షరాల గాళ్లు పూడిపోయాయి. ఊరివాళ్లు భక్తితోనే ఆ పని చేశారు, వాళ్లను అనవలసింది లేదు. ఆ శాసనానికి నాకు తెలిసి మిగిలిన నకలు నా దగ్గర ఉన్న బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మలో ఆ అంకె లేదు. వ్యాసంలో రెండు సంవత్సరాలూ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టవలసి వచ్చింది.

14.3 డిజిటల్ యుగానికి ముందు

నకలు మూలంకన్నా ఎక్కువ కాలం బతకడం కృష్ణా తీరంలో కొత్త సంగతి కాదు. అమరావతి స్తూపాన్ని కాలిన్ మెకంజీ మొదట 18వ శతాబ్దం చివర చూశాడు. 1816లో చిత్రకారులతో తిరిగివచ్చి అక్కడి శిల్పాలకు చిత్రాలు గీయించాడు. ఆ తరవాతి కాలంలో స్తూపం రాళ్లు కొన్ని కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నపు బట్టీలకు పోయాయి. మెకంజీ చిత్రాల్లో కనిపించే శిల్పాలు కొన్ని నేడు ఎక్కడా లేవు. వాటి గురించి మనకు తెలిసిందంతా ఆ గీతల్లో ఉన్నంతే. చిత్రకారుడు వదిలేసిన వివరం శాశ్వతంగా పోయినట్టే.

1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి మద్రాసుకు తరలించిన శిల్పాలను 1858లో లిన్నియస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. మన ప్రాంత పురావస్తువులను కెమెరాతో నమోదు చేసిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. ఏది ముఖ్యమో, ఏది కాదో ఎంచి గీసే చేయి స్థానంలో, కటకం ముందున్నదాన్నంతా పట్టుకునే నెగెటివ్ వచ్చింది. చరిత్రకారులకు ఇది పెద్ద మార్పు.

నెగెటివ్‌కూ అచ్చు బొమ్మకూ ఉన్న సంబంధాన్ని గుర్తుంచుకుంటే రా, జేపెగ్‌ల సంబంధం తేలికగా అర్థమవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10,000 మంది చనిపోయారు. ఆనాటి వార్తాపత్రికలో అచ్చయిన బొమ్మను భూతద్దంతో చూడండి. ముఖాలు, చెట్లు, శిథిలాలు అన్నీ నల్ల చుక్కలుగా విడిపోతాయి. భూతద్దం ఎంత పెద్దదైనా చుక్కల మధ్య ఇంకేమీ దొరకదు. అదే బొమ్మ నెగెటివ్ దొరికితే చీకటి భాగంలో దాగిన వివరాన్ని కూడా చీకటిగదిలో మళ్లీ పైకి తేవచ్చు. అచ్చు బొమ్మ ఆ రోజు పాఠకుడి అవసరాన్ని తీర్చింది. నెగెటివ్ మాత్రం ఎప్పుడో, ఎవరో అడగబోయే ప్రశ్నకు జవాబును దాచి ఉంచింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
నెగెటివ్‌కు, పత్రికలో అచ్చయిన బొమ్మకు చారిత్రక ఆధారాలుగా ఉన్న భేదం ఏమిటి? నాలుగు వాక్యాల్లో రాయండి.

14.4 రా, జేపెగ్: పుట్టుక, పనితీరు

14.4.1 రా ప్రతి

1975లో కోడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. అది అడ్డంగా 100, నిలువుగా 100 పిక్సెళ్ల నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీద నమోదు చేసేది. అదే సంస్థలో బ్రైస్ బేయర్ రూపొందించిన రంగుల జల్లెడకు 1976లో పేటెంటు లభించింది. ఈనాటి కెమెరాల్లో అత్యధిక భాగం వాడేది ఈ జల్లెడనే. సెన్సార్‌పై ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. సగం పిక్సెళ్లు ఆకుపచ్చను, పావు భాగం ఎరుపును, పావు భాగం నీలాన్ని కొలుస్తాయి. మిగతా రెండు రంగుల విలువలను పక్క పిక్సెళ్లను బట్టి తరవాత లెక్కగడతారు.

సెన్సార్ కొలిచిన ఈ విలువలను దాదాపు ఉన్నవున్నట్టుగా భద్రపరిచే ఫైలు రా. ఇది ఇంకా బొమ్మ కాదు, బొమ్మ వండుకోవడానికి కావలసిన సరుకు. 12 బిట్ల రా ఫైలులో ఒక్కో పిక్సెల్‌కు 4,096 స్థాయిల వెలుగు నమోదవుతుంది. 14 బిట్లయితే 16,384 స్థాయిలు. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు ఉండేవి 256 స్థాయిలు మాత్రమే.

బందరులో 17వ శతాబ్దం నాటి డచ్చివారి సమాధులను మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తున్నారనుకోండి. రాతి పైభాగం ఎండలో మెరుస్తుంది, చెక్కుడు పక్కభాగాలు నీడలో నల్లగా ఉంటాయి. జేపెగ్‌లో నీడ అంతా నలుపులో కలిసిపోవచ్చు. అదే రా ప్రతిలో ఆ నీడలో ఇంకా కొన్ని వందల స్థాయిలు మిగిలి ఉండవచ్చు. వాటిని పైకి తెస్తే చెక్కడం కనిపిస్తుంది.

14.4.2 జేపెగ్ ప్రతి

జేపెగ్ అనేది ఒక నిపుణుల సంఘం పేరు. 1986లో ఏర్పడిన ఆ సంఘం తయారుచేసిన ప్రమాణం 1992లో వెలువడింది. దాని గుండెకాయ వంటి గణితానికి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని పేరు. 1974 జనవరిలో దాన్ని ప్రకటించిన ముగ్గురూ భారతీయ మూలాలున్నవారే: బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు. కె.ఆర్. రావుగా ప్రసిద్ధుడైన రామమోహనరావు 1952లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో పట్టా పొంది, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు బోధించాడు. 1972లో ఈ పరిశోధనకు అహ్మద్ అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను ఆర్థిక సాయం అడిగితే వారు నిరాకరించారు. మీరు ఇవాళ ఫోనులో చూసే బొమ్మల్లో అత్యధిక భాగం ఆ గణితం చలవే.

జేపెగ్ పనిచేసే విధానాన్ని మూడు మెట్లుగా చెప్పుకోవచ్చు.

మొదటి మెట్టు: బొమ్మలోని వెలుగును, రంగును వేరుచేస్తుంది. మన కన్ను వెలుగులోని తేడాలను పట్టినంత బాగా రంగులోని తేడాలను పట్టలేదు. అందుచేత రంగు సమాచారాన్ని సాధారణంగా తగ్గిస్తుంది.

రెండో మెట్టు: బొమ్మను 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు ఉన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో నెమ్మదిగా మారే భాగమెంతో, చటుక్కున మారే భాగమెంతో లెక్కగడుతుంది.

మూడో మెట్టు: చటుక్కున మారే సన్నని వివరాల విలువలను ముతకగా గుండు చేసి, చాలావాటిని సున్నా చేస్తుంది. నాణ్యత ఎంత తగ్గిస్తే ఇక్కడ అంత ఎక్కువ పోతుంది. పోయినది తిరిగి రాదు. అందుకే దీన్ని నష్టపూరిత కుదింపు అంటారు.

ఆకాశం, చెంప, పొలం వంటివి నెమ్మదిగా మారేవి. వాటిలో నష్టం కంటికి ఆనదు. అక్షరం అలా కాదు, అది అంచుల సమాహారం. శాసనంలోని గాటు, తాళపత్రం మీద గంటం గీత, దస్తావేజులో వెలిసిన సిరా, ఇవన్నీ చటుక్కున మారే సన్నని వివరాలే. జేపెగ్ మొదట వదులుకునేది చరిత్రకారుడికి అన్నిటికంటే ముఖ్యమైనదాన్నే. నా బొమ్మలో పోయిన అంకె ఈ మూడో మెట్టు దగ్గరే పోయింది. నేను దాన్ని దిద్ది మళ్లీ భద్రపరిచినప్పుడల్లా ఈ మెట్లన్నీ మరోసారి నడిచాయి, నష్టం మీద నష్టం చేరింది.

14.4.3 టిఫ్ ప్రతి

1986లో ఆల్డస్ సంస్థ ప్రవేశపెట్టిన టిఫ్ మూడో దారి. ఇందులో పూర్తయిన బొమ్మను కుదించకుండా గాని, నష్టంలేని పద్ధతిలో కుదించి గాని భద్రపరచవచ్చు. ఎన్నిసార్లు తెరిచి భద్రపరిచినా అలా దాచిన బొమ్మ చెడదు. దీని ఇబ్బంది పరిమాణమే. 24 మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మ 8 బిట్ల టిఫ్‌లో 72 మెగాబైట్లు, 16 బిట్ల టిఫ్‌లో 144 మెగాబైట్లు అవుతుంది. అదే బొమ్మ నష్టంలేని కుదింపుతో రా ఫైలుగా సుమారు 25 నుంచి 30, మంచి నాణ్యత గల జేపెగ్‌గా సుమారు 10 మెగాబైట్లు ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
జేపెగ్ కుదింపు వల్ల పొలం బొమ్మకన్నా శాసనం బొమ్మ ఎక్కువ దెబ్బతినడానికి కారణం ఏమిటి?

14.5 తెలుగు పుస్తకాల డిజిటలీకరణ: ఒక పరిశీలన

ప్రతుల ఎంపిక ఒక వ్యక్తికే కాదు, సంస్థలకు కూడా ఎదురయ్యే సమస్య. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన కంప్యూటర్ శాస్త్రవేత్త. ఆయన ముందుండి నడిపిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపొందింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఇందులో పాల్గొన్నాయి. 2007 నాటికి ప్రపంచవ్యాప్తంగా ఈ ప్రాజెక్టు కింద స్కాన్ అయిన పుస్తకాలు 15 లక్షలు దాటాయి. వాటిలో తెలుగు పుస్తకాలు వేలాదిగా ఉన్నాయి.

ఈ పుస్తకాలను ప్రధానంగా అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో, ఒక్క బిట్ టిఫ్‌గా స్కాన్ చేశారు. ఒక్క బిట్ అంటే ప్రతి చుక్కా పూర్తి నలుపో, పూర్తి తెలుపో కావాలి, మధ్యస్థ ఛాయ ఉండదు. ఇలా ఎందుకు ఎంచుకున్నారో లెక్క వేసి చూద్దాం. 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు ఉన్న పుట 600 చుక్కల స్పష్టతలో 1.44 కోట్ల పిక్సెళ్లు. రంగుల్లో, కుదింపు లేకుండా అది సుమారు 43 మెగాబైట్లు. 300 పుటల పుస్తకం సుమారు 13 గిగాబైట్లు. లక్షల పుస్తకాలకు ఆనాటి డిస్కులు, ఆనాటి ఇంటర్నెట్ ఏ విధంగానూ చాలవు. ఒక్క బిట్ పుట కుదించిన తరవాత కిలోబైట్లలోకి వచ్చేస్తుంది. ఆ ఎంపిక లేకపోతే అంత పని అంత త్వరగా జరిగేది కాదు.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ఆ ఫైళ్లలో వాడిన కుదింపు నష్టంలేని రకమే. నష్టం కుదింపులో జరగలేదు, అంతకు ముందు ప్రతి చుక్కనూ నలుపా, తెలుపా అని తేల్చిన క్షణంలో జరిగింది. తెలుగు లిపికి ఇది ప్రత్యేకంగా హాని చేస్తుంది. డ–ఢ, ద–ధ, ప–ఫ జంటల్లో తేడా ఒక చిన్న గీత. పాత సీసపు అచ్చులో, పసుపెక్కిన కాగితం మీద ఆ గీత లేత బూడిదరంగులో ఉంటే, తెలుపు వైపు తేల్చినప్పుడు అది మాయమవుతుంది. నలుపు వైపు తేల్చినప్పుడు ఒత్తులు పూడుకుపోతాయి. పుస్తకాల్లోని ఛాయాచిత్రాలైతే నల్ల మచ్చలుగా మిగిలాయి. కాబట్టి "టిఫ్ అయితే చాలు, భద్రం" అనుకోరాదు. ఫైలు పేరు చివర ఉన్న మూడు అక్షరాలకన్నా, అందులోకి ఏ సమాచారం చేరింది అన్నది ముఖ్యం.

అయినా ఈ పనిని తక్కువ చేసి చూడకూడదు. ఆ పుస్తకాల ప్రతులు తరవాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. పెద్ద గ్రంథాలయం అందుబాటులో లేని పల్లెల్లోని విద్యార్థులు ఇవాళ వాటినే చదువుతున్నారు. చదువుకోవడానికి పనికివచ్చే ప్రతి వేరు, మూలానికి బదులుగా నిలబడగల ప్రతి వేరు. మొదటిది చేసి రెండోది చేశామనుకోవడమే పొరపాటు. బ్రిటిష్ లైబ్రరీ 2004లో మొదలుపెట్టిన ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రాం శిథిలమవుతున్న దస్తావేజుల డిజిటలీకరణకు సాయం చేస్తుంది. అది మాతృప్రతులను టిఫ్ రూపంలో కోరడానికి కారణం ఈ భేదమే.

14.6 రా ప్రతుల పరిమితులు

ఇంతవరకు చదివి "ఎల్లప్పుడూ రా మాత్రమే తీయాలి" అన్న నిర్ణయానికి రావద్దు. రా ప్రతులకు మూడు పరిమితులున్నాయి.

మొదటిది, చాలా కెమెరా సంస్థలకు తమదైన రా రూపం ఉంది. దాన్ని తెరవడానికి తగిన సాఫ్ట్‌వేర్ కావాలి. నికాన్ డి2ఎక్స్ కెమెరా రా ఫైళ్లలో వైట్ బ్యాలెన్స్ సమాచారాన్ని సంకేతరూపంలో దాచడం మీద 2005లో పెద్ద వివాదం నడిచింది. తన బొమ్మలోని సమాచారం తనకే పూర్తిగా అందదా అన్నది అప్పటి ఫొటోగ్రాఫర్ల ప్రశ్న. చదివే భాష మరిచిపోయిన తాళపత్రం ఎలాంటిదో, తెరిచే సాఫ్ట్‌వేర్ లేని రా ఫైలు అలాంటిది. ఈ సమస్యకు పరిష్కారంగా 2004లో అడోబి సంస్థ డీఎన్‌జీ అనే బహిరంగ రా రూపాన్ని ప్రకటించింది.

రెండోది, రా ఫైలు దానంతటది బొమ్మ కాదు కనుక, ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగుతో తెరుచుకుంటుంది. పెడన కలంకారీ వస్త్రం మీది ఎరుపు అసలు ఏ ఎరుపో తెలియాలంటే రా ఒక్కటే చాలదు. బొమ్మలో రంగుల పట్టీ కూడా ఉండాలి.

మూడోది, ఖర్చు. వెయ్యి బొమ్మలు రాలో సుమారు 30 గిగాబైట్లు. వాటిని రెండు చోట్ల దాచాలంటే 60. దాచే స్తోమత లేక ఏడాది తరవాత చెరిపేసే రా కన్నా, మూడు చోట్ల భద్రంగా ఉన్న మంచి జేపెగ్ మేలు. పైగా 1992లో వచ్చిన జేపెగ్‌ను ఈ రోజుకూ ఏ ఫోనైనా, ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. దీర్ఘకాల పరిరక్షణలో ఇది చిన్న గుణం కాదు.

14.7 క్షేత్ర పరిశోధనలో ఎంపిక

పై చర్చను బట్టి ప్రాజెక్టు పని చేసే విద్యార్థులు ఈ క్రింది పద్ధతిని పాటించవచ్చు.

1. ఊరి వీధి, ఉత్సవం, సమావేశం వంటి సాధారణ బొమ్మలకు ఎక్కువ నాణ్యత గల జేపెగ్ సరిపోతుంది.

2. శాసనం, తాళపత్రం, వెలిసిన దస్తావేజు, చిత్రపటం వంటివాటికి, ముఖ్యంగా మళ్లీ దొరకవనుకున్నవాటికి, రా, జేపెగ్ రెండూ ఒకేసారి తీయండి. చాలా కెమెరాల్లో ఈ అమరిక ఉంటుంది. ఆండ్రాయిడ్ 2014 నుంచి, ఐఫోన్ 2016 నుంచి ఫోన్లలో రాకు వీలు కల్పించాయి. మీ ఫోనులో ప్రో మోడ్ ఉందేమో చూడండి.

3. రా లేకపోతే చింతించవద్దు. జేపెగ్ నాణ్యతను గరిష్ఠంగా పెట్టి, శాసనాన్ని ఒకే బొమ్మలో ఇరికించకుండా, పంక్తులు ఒకదానిమీద ఒకటి కొంత పడేలా దగ్గరగా ఆరేడు బొమ్మలు తీయండి. ఉదయం, సాయంత్రం ఏటవాలు వెలుగులో గాళ్లు బాగా తేలుతాయి. పక్కన కొలబద్ద ఉంచండి.

4. మాతృప్రతిని ఎన్నడూ దిద్దవద్దు. దిద్దుబాట్లన్నీ నకలు మీదే చేసి, వేరే పేరుతో భద్రపరచండి.

5. వాట్సాప్‌లో మామూలుగా పంపిన బొమ్మ కుదించబడుతుంది. తీసిన తేదీ, కెమెరా వంటి వివరాలు కూడా దాని నుంచి తొలగిపోతాయి. అధ్యాపకుడికి పంపవలసి వస్తే డాక్యుమెంటుగా పంపండి. ఫోనులోని అసలు బొమ్మను చెరపకండి.

6. ఊరు, స్థలం, తేదీ, దిక్కు, తీసినవారి పేరు ఒక పుస్తకంలో రాసుకోండి. ఎక్కడిదో తెలియని బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా ఆధారం కాదు.

14.8 సారాంశం

చారిత్రక ఆధారాల నకళ్లు చాలాసార్లు మూలాల స్థానాన్ని ఆక్రమిస్తాయి. అమరావతి శిల్పాల చిత్రాలు దీనికి నిదర్శనం. డిజిటల్ కెమెరాలో రా ప్రతి సెన్సార్ కొలిచిన విలువలను దాదాపు యథాతథంగా ఉంచుతుంది. జేపెగ్ కంటికి ఆనదనుకున్నదాన్ని వదులుకుని చిన్నదవుతుంది. ఆ వదులుకున్నదానిలో అక్షరాల అంచులు ఉండవచ్చు. టిఫ్ బొమ్మను చెడకుండా దాచగలదు గాని, ముందే పోయినదాన్ని తిరిగి తేలేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం దీన్నే చూపుతుంది. రాకు కూడా పరిమితులున్నాయి. అందుచేత అవసరాన్ని, వనరులను బట్టి మాతృప్రతిని ఒక రూపంలో, వాడుక ప్రతిని మరో రూపంలో ఉంచడం సరైన పద్ధతి. ఏ ప్రతిని తీయాలో నిర్ణయించే ముందు "రేపు ఈ రాయి లేకపోతే ఈ బొమ్మ చాలుతుందా?" అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. 2006లో ఆ స్తంభం ముందు నిలబడి నేను వేసుకోని ప్రశ్న అదే.

14.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చారిత్రక ఆధారాల నమోదులో రా, జేపెగ్ ప్రతుల గుణదోషాలను చర్చించండి.
2. తెలుగు పుస్తకాల డిజిటలీకరణలో ఒక్క బిట్ స్కానింగును ఎంచుకోవడానికి గల కారణాలను, దాని ఫలితాలను విశ్లేషించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మాతృప్రతికి, వాడుక ప్రతికి భేదం తెలపండి.
2. రా ప్రతుల పరిమితులు ఏవి?
3. నష్టపూరిత కుదింపు అంటే ఏమిటి?

III. క్షేత్ర కృత్యం
మీ ఊరిలోని ఒక శాసనాన్ని గాని, సమాధి రాతిని గాని, పాత దస్తావేజును గాని ఎంచుకుని, కనిష్ఠ నాణ్యత జేపెగ్‌లోను, గరిష్ఠ నాణ్యత జేపెగ్‌లోను, వీలైతే రాలోను ఫొటో తీయండి. మూడింటినీ నాలుగింతలు పెద్దవి చేసి, ఏ ప్రతిలో ఏ అక్షరాలు చదవగలిగారో, ఏవి చదవలేకపోయారో పట్టికగా రాయండి.